తోక బండి పాక్ లాంగ్

పాక్ లాంగ్ సైదిన్ గారి పెళ్ళిలో, పెళ్ళికూతురి ఇంటి గుమ్మం దగ్గర డప్పులు మోగుతుండగా పన్నీరు చల్లి, పసుపు బియ్యం జల్లి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పెళ్ళికూతురి పక్కన జరీ సింహాసనం మీద కూర్చోబెట్టింది ఆయన్ని కాదు. ఆయన మేనత్త కొడుకు కమరుల్‌ని. ఇందులో కమరుల్ తప్పేమీ లేదు. ఊరేగింపులో అందరికన్నా ముందు నడుస్తున్నవాడు అతనే. కొత్త చొక్కా తొడుక్కున్నాడు. అడిగితే చెప్పేవాడే గాని ఎవరూ అడగలేదు. పెళ్ళికూతురు ఆచారం ప్రకారం తల వంచుకుని ఉంది. అసలు పెళ్ళికొడుకు ఊరేగింపు చిట్టచివర, కర్ర పట్టుకుని నడిచే ఒక ముసలావిడ వెనకాల, "మెల్లగా నడవండి అవ్వా, తొందరేం లేదు" అంటూ వస్తున్నాడు. ఆయన పందిట్లో అడుగుపెట్టేసరికి కమరుల్‌కి రెండు పక్కలా విసనకర్రలు విసురుతున్నారు. ఫొటోలు కూడా రెండు తీశారు. అవి ఇప్పటికీ ఆల్బంలో ఉన్నాయి. ఆ పెళ్ళికూతురు, మాక్ లాంగ్ రొహానా, వాటిని తీసెయ్యనివ్వదు. "ఈయనతో మాటా మాటా వచ్చినప్పుడల్లా తీసి చూసుకుంటాను" అంటుంది.

పాక్ లాంగ్‌కి ఉన్న అలవాటు ఇదొక్కటే. ఆయన ఎప్పుడూ, ఎక్కడా, ఎందులోనూ చివరే ఉంటాడు. లాంగ్ అంటే మలయ్ ఇళ్ళలో తొలిచూలు బిడ్డకు పిలుపు. ఏడుగురిలో పెద్దవాడు కనక తైపింగ్ ఊరంతటికీ ఆయన పాక్ లాంగ్ అయ్యాడు, అంటే పెద్దనాన్న. జీవితంలో ఆయన అందరికన్నా ముందు రావడం ఆ ఒక్కసారే జరిగింది, అదీ తెలిసీ తెలియని వయసులో. అరవై నాలుగేళ్ళుగా ఆ పొరపాటు దిద్దుకుంటూనే ఉన్నాడు.

పొద్దున తొమ్మిదింటికి క్షవరానికి వెళ్తాడు. "మీరు కూర్చోండి, నాకేం పని" అని వచ్చినవాడినల్లా కుర్చీలోకి తోస్తాడు. కొట్టు కట్టేసే వేళకి మంగలి కత్తెర కడిగి పెట్టేస్తాడు. పాక్ లాంగ్ వెళ్ళిన జుట్టుతోనే ఇంటికొస్తాడు. మసీదులో ఇమాం గారు ఊరుకోలేక ఒకసారి అడిగేశారు.

"పాక్ లాంగ్, మొదటి వరసలో నిలబడితే పుణ్యం ఎక్కువండీ."

"తెలుసండీ. అందుకే దాన్ని నేను ఆక్రమించుకుంటే బాగుండదని."

ఇలాంటి మనిషికి సరిగ్గా సరిపడే ఉద్యోగం లోకంలో ఒకటుంది. అది ఆయనకి దొరికింది కూడా. తైపింగ్‌లో రోజూ మధ్యాహ్నం వాన పడుతుంది గనక అక్కడి మోటారు సైకిళ్ళ సంఘానికి తడికాకుల సంఘం అని పేరు. మొత్తం ఇరవై ఆరు బండ్లు. వరసకట్టి దూరప్రయాణం పోయేటప్పుడు ముందుండి దారి చూపేవాణ్ణి కెప్టెన్ అంటారు. అందరికన్నా వెనక వచ్చేవాణ్ణి తోక అంటారు. కెప్టెన్ పదవికి ఎప్పుడూ పోటీయే. తోక పదవికి ఇరవై ఏడేళ్ళుగా పోటీ లేదు. తోక చెయ్యాల్సిందల్లా, కదిలే ముందు తన ముందున్న బండ్లు లెక్కపెట్టి, లెక్క కుదిరితే రెండుసార్లు హారన్ కొట్టడం. పీం పీం. పాక్ లాంగ్ ఆ పనిని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక తలలు లెక్కపెట్టి నోటితోనే "పీం పీం" అంటాడు. ఆ మాట వినపడందే మాక్ లాంగ్ అన్నం గరిటె ముట్టుకోదు.

అయితే సంఘంలో ఆయనకు ఇంకో పేరు కూడా ఉంది. పిరికివాడని. ముందుకు పోవడానికి ధైర్యం చాలకే వెనక ఉంటాడని అందరి అభిప్రాయం. ఎవరూ ఎగతాళిగా అనరు, జాలిగానే అంటారు. "పాపం పాక్ లాంగ్‌కి కొండ దారులు పడవు" అంటారు. నీకెలా తెలుసని అడిగితే మాత్రం, "వద్దులే, పెద్దాయన పరువు పోతుంది" అని మాట మార్చేస్తారు. ఒకరూ ఇద్దరూ కాదు, అందరూ అంతే.

ఈ జాలి అందరికన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఆయన కూతురు ఇజ్జాతికి. ఆమెకు ముప్ఫై ఒక్కేళ్ళు. భూమి కొలతల ఆఫీసులో సర్వేయరు. కొలవందే దేన్నీ నమ్మదు. తండ్రి నడిపే నూట పది సీసీ పాత బండిని నెలకోసారి విప్పి బిగించేది కూడా తనే. ఆ ఏడాది కెప్టెన్ పదవి ఖాళీ అయితే ఇజ్జాతి తన పేరిచ్చింది. నలభై ఏళ్ళ సంఘంలో ఒక ఆడమనిషి పేరివ్వడం అదే మొదలు.

సంఘం అధ్యక్షుడు లౌ. బండ్ల విడిభాగాల దుకాణం ఆయనది. నియమాల పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగే మనిషి. సరస్సు పక్కన టీ కొట్టులో అందరిముందూ ఆ సంచి విప్పాడు.

"ఆడపిల్లవని కాదమ్మా. నియమం ఎవరికైనా నియమమే. పేరిచ్చినవాళ్ళు సొంతంగా దారి గీసుకుని, సరిహద్దు దాటి, పరదేశం తిరిగి రావాలి. వెనక కనీసం ఒక బండి ఉండాలి. చెప్పిన రోజు, చెప్పిన వేళకి, వెళ్ళినవాళ్ళంతా ఈ కొట్టు ముందు దిగాలి. వేళ దాటితే మళ్ళీ వచ్చే ఏడే."

వెనక బల్ల దగ్గర ఎవరో గొంతు తగ్గించి అన్నారు. "వేళ సంగతి సరే. పాక్ లాంగ్ రక్తం కదా. కొండ మలుపులు తిరుగుతుందా అని..." పక్కనున్నవాడు "ష్" అన్నాడు.

ఇజ్జాతి చెవులు ఎర్రబడ్డాయి. కెప్టెన్ కావాలన్నది అప్పటిదాకా సరదా. ఆ మాటతో పంతమైంది.

వెనక రావడానికి ఎవరికీ కుదరలేదు. ఒకరికి మేనకోడలి నిశ్చితార్థం, ఒకరికి నడుం నొప్పి, బడి బస్సు నడిపే సింగారానికి ఆ రెండూ. అందరూ చెప్పడం అయిపోయాక చిట్టచివర ఒక చెయ్యి లేచింది.

"నేనొస్తానమ్మా" అన్నాడు పాక్ లాంగ్.

ఇజ్జాతి కళ్ళు మూసుకుంది. వేళకి తిరిగి రావాల్సిన ప్రయాణానికి ఇంతకన్నా పనికిరాని తోడు భూగోళం మొత్తం కొలిచినా దొరకదు.

మూడు రోజుల ప్రయాణం. మైదానం దారిలో థాయిలాండు వెళ్ళి, హాట్ యాయ్, సోంగ్‌ఖ్లా చూసి, బేతోంగ్ కొండల మీదుగా తిరిగి రావాలి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి టీ కొట్టు ముందు దిగాలి. ఇజ్జాతి నిమిషాల లెక్కన కాగితం రాసుకుంది. శుక్రవారం తెల్లవారుతూనే మాక్ లాంగ్ చేపల కారం సీసా సంచిలో పెడుతూ కూతురికి జాగ్రత్తలు చెప్పింది.

"నువ్వే ముందుండు. ఈయన్ని ముందు పెట్టుకున్నావంటే మీ కమరుల్ మామయ్యతో తిరిగొస్తావు."

ఇజ్జాతి బండి మీద కూర్చుని ఇంజన్ ఆడించింది. వెనక నుంచి గొంతు వినపడింది.

"అందరూ వచ్చారా?"

"నాన్నా, నీ ముందున్నది నేనొక్కదాన్నే."

"ఒకటి" అని వేలు మడిచాడు పాక్ లాంగ్. "లెక్క కుదిరింది." పీం పీం.

సరిహద్దు దాటి థాయిలాండులో కాలుపెడితే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. ఇజ్జాతి ఆ గంటను కాగితంలో ఎర్రసిరాతో 'మిగులు' అని రాసుకుని మురిసిపోయింది. పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని పది నిమిషాల్లో అవతలికొచ్చి వెనక్కి చూసింది. తండ్రి వరస చివర ఉన్నాడు. ఒక బస్సు నిండా జనం దిగి వరసలో కలిశారు. అయినా తండ్రి చివరే ఉన్నాడు. ఇంకో బస్సు దిగింది. అప్పుడూ చివరే.

"నాన్నా! గంటన్నర అయింది!" అని గాజు తలుపు ఇవతల నుంచి అరిచింది.

"ఏం చెయ్యనమ్మా, అందరి చేతుల్లోనూ సామాన్లున్నాయి!"

"నీ చేతిలో లేవా?"

"నా చేతిలో ఏముంది, హెల్మెట్టేగా!"

చివరికి ముద్రవేసే ఆఫీసరే గూట్లోంచి లేచొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముద్ర వేశాడు. ఎర్రసిరా గంట, దానిమీద ఇంకో అరగంట అక్కడే ఖర్చైపోయాయి.

హాట్ యాయ్‌లో ఒక ముస్లిం హోటలు దగ్గర ఆగారు. అక్కడి వేయించిన కోడికి, దానిమీద చల్లే వేయించిన ఉల్లిపాయలకి పెద్ద పేరు. పాక్ లాంగ్ గిన్నె దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకల్లా పళ్ళేలు అందించాడు. తన వంతు వచ్చేసరికి కోడి లేదు, అన్నం లేదు, ఉల్లిపాయలు మాత్రం ఉన్నాయి. వాటిమీద చేపల కారం వేసుకుని శుభ్రంగా తిన్నాడు.

"కోడి అడ్డం లేకపోతే ఉల్లిపాయ రుచి బాగా తెలుస్తుందమ్మా" అన్నాడు. ఇజ్జాతి తన పళ్ళెంలో సగం కోడి తీసి ఆయన పళ్ళెంలో పెట్టి, గడియారం చూసుకుంది.

రెండో రోజు సోంగ్‌ఖ్లా సముద్రం ఒడ్డున ఆయన ఏకంగా మాయమైపోయాడు. ఇజ్జాతి నలభై నిమిషాలు ఎండలో నిలబడింది. చివరికి దూరం నుంచి పదకొండు స్కూటర్లు వరసగా వచ్చాయి. అన్నిటి మీదా పూలచొక్కాల తాతలూ అవ్వలూ ఉన్నారు. పన్నెండో బండి పాక్ లాంగ్‌ది.

"ఎవరు నాన్నా వీళ్ళంతా?"

"తెలీదమ్మా. పాపం, వాళ్ళకి తోక లేదు."

"వాళ్ళ భాష నీకొచ్చా?"

"భాషెందుకూ? వెనకనుంచి లెక్కపెట్టడమేగా. పదకొండు."

పదకొండుమందీ ఆయనకి చేతులు జోడించి, కొబ్బరి మిఠాయి పొట్లం ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఇజ్జాతి కాగితం తీసి 'నలభై నిమిషాలు ఆలస్యం, కారణం తాతలు' అని రాసుకుంది. రాసుకున్నాక ఆగలేకపోయింది.

"నాన్నా, రేపొక్కరోజు నా వెనకే రా. దిక్కులు చూడొద్దు, ఎవర్నీ ముందుకి పంపొద్దు. నాకీ పదవి కావాలి. ఆవేళ టీ కొట్లో ఏమన్నారో నువ్వు వినలేదు."

"విన్నానమ్మా. వెనక బల్ల దగ్గరేగా నేను కూర్చునేది."

"మరి నీకు కోపం రాలేదా?"

"ఎందుకూ? మంచివాళ్ళే. నా గురించి అలా అనుకుంటే వాళ్ళకి హాయిగా ఉంటుంది." పొట్లం విప్పి మిఠాయి ముక్క ఆమెకిచ్చాడు. "సరే, రేపు అతుక్కునే వస్తాలే."

అన్నంత పనీ చేశాడు. ఆదివారం బేతోంగ్ దగ్గర సరిహద్దు దాటేటప్పుడు వరసలో ఒక్క చంటిబిడ్డ తల్లిని తప్ప ఎవర్నీ ముందుకి పంపలేదు. అది చూసి ఇజ్జాతికి కళ్ళు చెమర్చాయి. సొంత దేశంలోకి వచ్చేసరికి మిగులు ఇరవై అయిదు నిమిషాలుంది. మధ్యాహ్నం పన్నెండైంది. ముందు గెరిక్ దాకా కొండ దారి. సన్నటి తుంపర, దూదిలాంటి మంచు, ఒక మలుపు తిరిగేలోపల ఇంకో మలుపు.

ఆరో మలుపు దగ్గర వెనక బండి చప్పుడు ఆగిపోయింది.

ఇజ్జాతి బండిని రోడ్డు వారగా ఆపి చూసింది. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. మిగులు కరిగిపోతోంది. ఒక్కతే పోతే లాభం లేదు, వెళ్ళినవాళ్ళంతా రావాలన్నది నియమం. పళ్ళు కొరుక్కుంటూ బండి వెనక్కి తిప్పింది. దారి పొడుగునా తండ్రిని అడగాల్సినవన్నీ వరసగా పేర్చుకుంది. నాలుగో మలుపు పైకొచ్చి కిందికి చూసింది. చూసి, బండి ఆపేసింది.

కింద రోడ్డు పక్కన ఏనుగంత పెద్ద బండి ఒకటి నిలిపి ఉంది. దాని పక్కన రాతి దిమ్మ మీద, మెడ నుంచి మడమల దాకా నల్లటి తోలు దుస్తులు తొడుక్కున్న ఒకాయన కూర్చున్నాడు. హెల్మెట్టు ఒళ్ళో ఉంది. నీళ్ళసీసా మూత తిప్పబోతే చేతులు వణికి మూత జారిపోతోంది. పాక్ లాంగ్ ఆయనకేదో చెప్పి, చిటికెన వేలు చూపించి, బండెక్కాడు. ఒంటికి పోయేవాడు ఏ పొద చాటుకో పోతాడు. ఆయన పొదల వైపు పోలేదు. పై మలుపు వైపు దూకాడు.

అలా నడపడం ఇజ్జాతి ఎన్నడూ చూడలేదు. బండీ మనిషీ ఒక్కటై పక్కకి వాలి, నీళ్ళలో చేప తిరిగినట్టు మలుపు తిరిగారు. తడిరోడ్డు మీద చక్రం ఇంచీ కూడా చెదరలేదు. మలుపు అవతల వెదురుకొమ్మ ఒకటి విరిగి పడి ఉంది. దిగి, దాన్ని పక్కకి లాగేశాడు. ఎదురుగా దుంగల లారీ వస్తుంటే చెయ్యూపి, మెల్లగా పొమ్మని సైగ చేశాడు. మళ్ళీ ఎక్కి రివ్వున వెనక్కి తిరిగాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో తండ్రి ఎవరికన్నా ముందు ఉండటం ఆమె చూడటం అదే మొదటిసారి. ఆ తోలు దుస్తులాయన కంటపడటానికి పది గజాల ముందు మాత్రం పాక్ లాంగ్ కాళ్ళు రెండూ కింద ఈడ్చుకుంటూ, బండిని అటూ ఇటూ ఊగించుకుంటూ, అప్పుడే నేర్చుకుంటున్న వాడిలా వచ్చి ఆగాడు.

ఇజ్జాతి పేర్చుకున్న మాటలన్నీ ఆ మలుపు దగ్గరే రాలిపోయాయి. మెల్లగా దిగి వాళ్ళ దగ్గరకొచ్చింది.

"వచ్చావా తల్లీ!" అన్నాడు పాక్ లాంగ్. "మా అమ్మాయండి. ఈయన హిషామ్ గారు. నా బండికి బ్రేకు సరిగ్గా పట్టడం లేదు కదా, మలుపులంటే నాకు భయం కదా, ఈయన పుణ్యమా అని ఇంతవరకూ వచ్చా. ముందుండి దారి చూపిస్తున్నారు."

హిషామ్ గారు మొహం తుడుచుకున్నారు. "మావాళ్ళు కొండ దిగాక కలుద్దామని ముందెళ్ళిపోయారండి. నేనూ పోయేవాణ్ణే. కానీ పెద్దాయన్ని ఈ స్థితిలో వదిలేసి..." అని వణుకుతున్న చేతుల్ని చంకల్లో దాచుకున్నారు.

ఇజ్జాతి గడియారం చూసుకుంది. ఇప్పుడు తండ్రీ తనూ బయల్దేరి దూసుకుపోతే మూడింటికి అందుతారు. తండ్రి వైపు చూసింది. ఆయన నవ్వలేదు, బతిమాలలేదు.

"నువ్వెలా అంటే అలా, కెప్టెన్" అన్నాడు.

ఆ పేరుతో ఆమెను ఎవరైనా పిలవడం అదే మొదలు. ఇజ్జాతి గడియారం విప్పి జేబులో వేసుకుంది.

"హిషామ్ గారూ, మా నాన్న ఒట్టి పిరికివాడండి" అంది. తండ్రి గురించి ఇంత గర్వంగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "ఆయనకి మీ వెనకదీపం కనపడుతుండాలి. నేను ముందుంటాను, మీరు మధ్యలో రండి. నేను చెయ్యి ఎటు చూపిస్తే అటు వంగండి. బాగా మెల్లగా పోదాం, ఆయన కోసం."

"అవునవును, ఆయన కోసం" అన్నారు హిషామ్ గారు, ఎంతో తేలికపడి.

వెనకనుంచి వేళ్ళు మడిచి లెక్కపెడుతున్న పాక్ లాంగ్ గొంతు వినపడింది. "రెండు!" పీం పీం.

గంటకి ముప్ఫై కిలోమీటర్ల వేగంతో, మలుపు మలుపుకీ చెయ్యి చూపిస్తూ ఇజ్జాతి కొండ దాటించింది. గెరిక్‌లో హిషామ్ గారి స్నేహితులు ఎదురుచూస్తున్నారు. ఆయన వాళ్ళతో పోలేదు. "మీరు నడవండి. ఒక పెద్దాయన్ని ఇల్లు చేర్చాల్సిన బాధ్యత ఉంది నామీద" అని ఛాతీ విరుచుకుని చెప్పి, తైపింగ్ దాకా వాళ్ళ మధ్యలోనే వచ్చారు.

టీ కొట్టు ముందు దిగేసరికి నాలుగూ ఇరవై. వాన దంచుతోంది. ఇరవై నలుగురు తడికాకులూ రేకుల కింద నిలబడి ఉన్నారు. లౌ చేతిలో గడియారం, పుస్తకం రెండూ ఉన్నాయి.

"గంటా ఇరవై నిమిషాలు" అన్నాడు లౌ. అతని మొహంలో నిజంగానే బాధ కనపడింది. "నేను చెప్పాగా అమ్మా. వచ్చే ఏడు..."

ఇజ్జాతి తలూపింది. కారణం చెప్పలేదు. చెబితే హిషామ్ గారి పరువు పోతుంది. కానీ హిషామ్ గారు ఊరుకోలేదు. హెల్మెట్టు తీసి బల్ల మీద కొట్టారు.

"అసలు మీరంతా ఈయనకి స్నేహితులేనా? బ్రేకు సరిగ్గా పట్టని బండితో పెద్దమనిషిని కొండ మీదికి పంపుతారా? నేను ముందుండి దారి చూపించాను కనక సరిపోయింది!"

లౌ కళ్ళజోడు సర్దుకున్నాడు. "బ్రేకా? బ్రేకు కాదు కదా. ఆయన బండికి దీపం కదా మసక? నేను ఆ సంవత్సరం..." అని ఆగాడు.

"దీపమేంటి?" అన్నాడు సింగారం. "క్లచ్చి తీగ కదా తెగిపోయేది! కామెరన్ కొండల మీద నన్ను ముందు మెల్లగా పొమ్మని..." అని అతనూ ఆగాడు.

"నాతో మోకాలు పట్టేసిందన్నాడు" అంది ఒక గొంతు.

"నాతో రేచీకటన్నాడు."

"నాతోనూ అదే! కానీ అప్పుడు మిట్టమధ్యాహ్నం కదా..."

పెద్దాయన పరువు కాపాడాలని ఇన్నేళ్ళూ ఒకరికొకరు చెప్పుకోని కథ, ఇరవై నలుగురిదీ ఒకటే కథ. ప్రతివాడూ తన మొట్టమొదటి కొండ ప్రయాణం గుర్తుచేసుకుంటున్నాడు. ఆవేళ చేతులు వణికింది ఎవరికో గుర్తుచేసుకుంటున్నాడు. వెనక బల్ల దగ్గర రక్తం సంగతి ఎత్తినవాడు తన టీ గ్లాసులోకి పరీక్షగా చూస్తున్నాడు.

"ఆ బండిని నెలనెలా విప్పి బిగించేది నేను" అంది ఇజ్జాతి. "దానికి బ్రేకు బాగుంది, దీపం బాగుంది, క్లచ్చి బాగుంది. ఇవాళ ఆయన మలుపు తిరగడం పైనుంచి చూశాను. మీలో ఎవరూ అలా తిరగలేరు. నేనూ తిరగలేను."

హిషామ్ గారు మెల్లగా బెంచీ మీద కూలబడ్డారు. "అయితే నేను ఆయన్ని కాపాడలేదా?"

"ఎవరు బాబూ కాదన్నది!" అంటూ అందరి వెనకనుంచీ పాక్ లాంగ్ కంగారుగా వచ్చాడు. "నాకు నిజంగానే భయం. కావాలంటే రొహానాని అడుగు. బల్లిని చూసినా భయమే!"

లౌ గొంతు సవరించుకున్నాడు. "ఎంతమంది వెళ్ళారు?"

"ఇద్దరం" అంది ఇజ్జాతి.

"ఎంతమంది వచ్చారు?"

"ముగ్గురం" అన్నాడు పాక్ లాంగ్, అలవాటు కొద్దీ వేళ్ళు మడిచి.

లౌ పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేశాడు. "తగ్గితే ఏం చెయ్యాలో రాసుంది. ఎక్కువైతే ఏం చెయ్యాలో రాసి లేదు. ఇక వేళ సంగతంటారా..." అంటూ, ఎన్నేళ్ళుగానో చినుకు తగలనివ్వని ఆ పుస్తకాన్ని తెరిచి రేకు చూరు కింద, సరిగ్గా ధార పడేచోట పట్టుకున్నాడు. కాసేపు చూశాడు. "ఈ పేజీ తడిసిపోయింది. అక్షరాలు కనపడటం లేదు. ఎవరికైనా కనపడుతున్నాయా?"

ఇరవై మూడు మందికీ కనపడలేదు. హిషామ్ గారు సభ్యుడు కాకపోయినా ఆయనకీ కనపడలేదు.

అక్కడే, టీ చల్లారకముందే సంఘం ఇంకో తీర్మానం కూడా చేసింది. పాక్ లాంగ్ పిరికివాడన్న మాట ఇకముందు కూడా అందరూ గట్టిగా చెప్పాలి. సంఘంలో కొత్తవాళ్ళు చేరుతూనే ఉంటారు కదా.

రెండు నెలల తర్వాత, హిషామ్ గారితో కలిపి ఇరవై ఏడు బండ్లు తైపింగ్ నుంచి ఉత్తరానికి కదిలాయి. అన్నిటికన్నా ముందు ఇజ్జాతి. ఒక్క బండీ తప్పలేదు, ఒక్క నిమిషం తేడా రాలేదు. మొదటి మజిలీలో దిగి, అందరూ చప్పట్లు కొడుతుంటే ఆగకుండా వరస పొడుగునా నడుచుకుంటూ చిట్టచివరికి వెళ్ళింది. పాక్ లాంగ్ బండి దిగి, ఎవరో పారేసుకున్న చేతితొడుగు దులుపుతున్నాడు.

"ఏంటి నాన్నా ఇది! కెప్టెన్‌గా నా మొదటి ప్రయాణం. నువ్వు చూస్తున్నావో లేదో అని వంద కిలోమీటర్లు అద్దంలో వెతుకుతూనే ఉన్నా. ఒక్కసారైనా కనపడవేం?"

"నేను కనపడ్డానంటే, మధ్యలో పాతికమంది తప్పిపోయినట్టమ్మా."